బాబాయ్ బ్యాంటమ్, నా హ్యాక్సా బ్లేడు

మొన్న ఒక కుర్రాడు ఫోన్ చేశాడు, ఎవరో నా నంబర్ ఇచ్చారట. పాత రోడ్డు బండి ఒకటి దొరికింది సార్, దాన్ని ట్రయల్స్ బండిగా మార్చుకుందామనుకుంటున్నా, ఎక్కడ మొదలుపెట్టమంటారు అన్నాడు. ముందు ఇంట్లో హ్యాక్సా ఉంటే ఎవరికైనా ఇచ్చెయ్ బాబూ అన్నా. పగలబడి నవ్వాడు. నేనేమో జోక్ వెయ్యలేదు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు అలా కూర్చుండిపోయా, ముప్పై ఏళ్ళ పైమాట, కానీ ఆ ఫ్రేము గొట్టం కోస్తున్నప్పుడు వచ్చిన కీచుమనే చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది, అందుకే ఇదంతా రాస్తున్నా.

ట్రయల్స్ అంటే చాలామంది మోటోక్రాస్ అనుకుంటారు, గాల్లో ఎగిరే బండ్లు, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడే రేసు. దానికీ దీనికీ సంబంధమే లేదు. ట్రయల్స్‌లో స్పీడుకి ఒక్క మార్కు కూడా రాదు. రాళ్ళ గుట్ట, వాగు, బురద వాలు, చెట్ల వేళ్ళు, ఇలాంటి చోట కొంత దూరం టేపు కట్టి సెక్షన్ అంటారు, అందులోంచి కాలు కింద పెట్టకుండా బయటికి రావాలి, అంతే ఆట. ఒకసారి కాలు పెడితే 1, రెండుసార్లయితే 2, మూడు, ఆ పైన ఎన్నిసార్లు పెట్టినా 3, పడిపోయినా, టేపు దాటినా, బండి ఆగి చచ్చినా 5. ఎవరికి తక్కువొస్తే వాళ్ళు గెలిచినట్టు. పాత రోజుల్లో 1, 3, 5 మాత్రమే ఉండేవి, మధ్యలో 2 తర్వాతొచ్చింది. నడక కన్నా నెమ్మదిగా వెళ్ళే మోటార్‌సైకిల్ పోటీ అని ఎవరికన్నా చెబితే ఇప్పటికీ నా వంక జాలిగా చూస్తారు.

నాకప్పుడు ఇరవై రెండు. ఒక పాత ఇంగ్లీషు మోటార్‌సైకిల్ పత్రికల కట్ట చేతికొచ్చింది, ఎవరో పారేసింది. అందులో స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ ఫోటోలు, 1909 నుంచి జరుగుతోందట, ఆరు రోజులు కొండలూ వాగులూ. సామీ మిల్లర్ అనే ఆయన, పెద్ద 500 సీసీ ఏరియల్ బండిని బోల్టు బోల్టుకీ బరువు తగ్గించుకుంటూ తన ఒంటికి సరిపోయేలా చెక్కుకున్నాడని, జీఓవీ 132 అని దాని నంబరు కూడా ఒక హీరోయిన్ పేరులా రాసేవాళ్ళు అందులో. అదే మనిషి 1964 చివర్లో ఆ బండి వదిలేసి బుల్టాకో అనే స్పెయిన్ కంపెనీకి వెళ్ళి, చిన్న టూ స్ట్రోక్ బండిని తయారుచెయ్యడంలో వాళ్ళతో కూర్చుని, 1965లో దానిమీదే ఆ ఆరు రోజుల పోటీ గెలిచేశాడు. అక్కడితో పెద్ద ఫోర్ స్ట్రోకుల కాలం దాదాపు అయిపోయింది. అది చదివి నా బుర్రలో ఒకటే తిరిగింది, చిన్న టూ స్ట్రోక్ అయితే మనింట్లోనే ఉంది కదా అని.

మనింట్లో అంటే బాబాయ్ దగ్గర. బీఎస్ఏ బ్యాంటమ్ డీ7, 175 సీసీ, మూడు గేర్లు. బ్యాంటమ్ అంటే ఒక పొట్టి కోడి జాతి, ట్యాంకు మీద చిన్న కోడి బొమ్మ కూడా ఉండేది, చిన్నప్పుడు దాన్ని గోరుతో గీకి ఒకసారి దెబ్బలు తిన్నా. ఈ బండి కథ ఒకటి భలే ఉంటుంది. అసలు డ్రాయింగ్ జర్మనీ వాళ్ళది, డీకేడబ్ల్యూ ఆర్‌టీ 125. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఓడినవాళ్ళ దగ్గర్నుంచి గెలిచినవాళ్ళు పట్టుకెళ్ళిన వాటిలో ఆ డిజైన్ కూడా ఒకటి. ఇంగ్లండులో 1948లో అది బ్యాంటమ్ అయింది, అమెరికాలో హార్లీ వాళ్ళు చిన్న బండి చేసుకున్నారు, రష్యాలో ఒకటి, 1955లో యమహా చేసిన మొట్టమొదటి బండి కూడా దాని పోలికే. ఇన్ని దేశాల్లో తిరిగిన ఇంజను మా బాబాయ్ ని పద్నాలుగేళ్ళు పనికి తీసుకెళ్ళి తీసుకొచ్చింది, ఏనాడూ మధ్యలో వదిలెయ్యలేదు.

బాబాయ్ వేరే బండి కొనుక్కున్నాక ఇది గోడకి ఆనించి ఉండేది. అడిగితే, ఏమన్నా చేసుకోరా అన్నాడు. ఆ "ఏమన్నా" అన్న మాటని నేను కొంచెం ఎక్కువగానే అర్థం చేసుకున్నానని తర్వాత తెలిసింది.

మొదటి వారం అంతా పీకడమే. లైట్లు, హారను, చెయిన్ కవరు, టూల్ బాక్సు, పెద్ద ఇనప మడ్‌గార్డులు, డబుల్ సీటు, క్యారియరు, సెంటర్ స్టాండు. డీ7కి ముందు ఫోర్కు పైన హెడ్‌లైటుకీ స్పీడోమీటరుకీ కలిపి రేకు తొడుగు ఒకటుంటుంది, గుండ్రంగా, ముక్కులాగా ముందుకొచ్చి భలే అందంగా, అదీ పీకేశా. పీకిందల్లా కుప్పగా పోసి ఎత్తి చూస్తే పెద్ద బియ్యం బస్తా అంత బరువుంది, ఇంక నేనే సామీ మిల్లర్ అనుకున్నా. ఆ ఊపులోనే హ్యాక్సా తీశా. వెనక సీటు కింద ఫ్రేము గొట్టం మడ్‌గార్డు దాకా వెళ్తుంది, అది అంత పొడుగు ఎందుకని ఒక జానెడు కోసేశా, వెనక కూర్చునేవాళ్ళ ఫుట్‌రెస్టులు పెట్టే కొసలు కోసేశా, స్టాండు పెట్టే లగ్గులు కోసేశా. ఇప్పుడు ఆలోచిస్తే ఈ కోతల వల్ల తగ్గింది మహా అయితే కిలోన్నర ఉంటుందేమో, బోల్టులు విప్పి తీసినవాటితోనే అసలు బరువంతా పోయింది. విప్పింది మళ్ళీ బిగించొచ్చు, కోసింది ఎక్కడ బిగిస్తాం.

ఆ సాయంత్రం బాబాయ్ వచ్చి చూశాడు. ఏమీ అనలేదు. వంగి, కోసిన గొట్టం అంచు మీద బొటనవేలు పెట్టి మెల్లగా తిప్పి చూశాడు, లోపలికెళ్ళి ఆకురాయి తెచ్చి, అరగంట కూర్చుని ఆ అంచులన్నీ నున్నగా రాశాడు. "చెయ్యి కోసుకుపోతుందిరా" అన్నాడంతే. తిట్టుంటే బాగుండేది.

తర్వాత చక్రాలు. ట్రయల్స్ బండికి ముందు 21 అంగుళాల చక్రం, వెనక 18, ముందు టైరు 2.75, వెనకది 4.00, ఇది అప్పటికీ ఇప్పటికీ మారని లెక్క. ముందు చక్రం పెద్దదైతే రాయి ఎదురైనప్పుడు గుద్దుకుని ఆగిపోకుండా దాని మీదకి ఎక్కుతుంది. బాబాయ్ బండికి వెనక 18 ఉంది కానీ రిమ్ము సన్నం, రోడ్డు టైరుకి సరిపోయేది. అందుకని రెండు చక్రాలకీ కొత్త రిమ్ములు వేసి పాత హబ్బులకే స్పోక్సు అల్లాం. అల్లాం అంటే నేను కాదు, నా స్నేహితుడు, లేత్ మీద పని చేసేవాడు, వాడికి చేతిలో ఏదో ఉండేది, చక్రం తిప్పుతూ ఒక్కో స్పోకుని గోరుతో మీటి సౌండు వినేవాడు, లూజుగా ఉన్నది మందంగా మోగుతుంది అనేవాడు, వీణ సవరించినట్టే ఉండేది చూట్టానికి. అంతా అయ్యి వెనక చక్రం ఎక్కిస్తే టైరు ఒకపక్క చెయిన్‌కి తగులుతోంది! నాలుగు మిల్లీమీటర్లు. ఆ నాలుగు మిల్లీమీటర్ల కోసం రెండు రోజులు పట్టింది, రిమ్ముని ఒక పక్కకి లాగుతూ మళ్ళీ మొత్తం స్పోక్సు అల్లాల్సొచ్చింది, వాడు నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

టైర్లలో గాలి సంగతి కూడా చెప్పాలి. రోడ్డు మీద పాతిక పైన కొట్టించుకునే మనకి, ట్రయల్స్‌లో వెనక టైరుకి 4 నుంచి 5 పీఎస్ఐ అంటే నమ్మబుద్ధి కాదు. ముందు దానికి ఇంకొంచెం ఎక్కువ. చేత్తో నొక్కితే లోపలికి పోతుంది, పంక్చర్ అయిందేమో అనిపిస్తుంది. కానీ అంత మెత్తగా ఉంటేనే టైరు రాయి మీద చెయ్యి వేసి పట్టుకున్నట్టు పరుచుకుంటుంది. ఇక్కడ తిప్పలేంటంటే గాలి తక్కువున్నప్పుడు ఇంజను చక్రాన్ని తిప్పితే రిమ్ము తిరిగి టైరు ఉన్నచోటే ఉండిపోతుంది, టైరుతో పాటు ట్యూబూ, అప్పుడు వాల్వు మొదలంటా తెగిపోతుంది. దానికి రిమ్ములో సెక్యూరిటీ బోల్టు అని ఒకటి వెయ్యాలి, టైరు అంచుని రిమ్ముకి అదిమి పట్టుకుంటుంది. పత్రికలో చదివా, చదివి కూడా వెయ్యలేదు, ఒక్క బోల్టుకి ఏమవుతుందిలే అని. మొదటి రోజు మొదటి గుట్ట మీదే వాల్వు తెగింది. బండి తోసుకుంటూ వచ్చా.

గేరింగ్ సులువుగానే అయింది. ముందు స్ప్రాకెట్ కి రెండు పళ్ళు తగ్గించి, వెనకదానికి పద్నాలుగు పెంచాం, మొత్తం మీద దాదాపు ఒకటిన్నర రెట్లు తేడా. ఫస్టు గేరులో బండి మనిషి పక్కన నడుస్తున్నట్టే వెళ్తుంది. టాప్ గేరులో ఎంత తిప్పినా సైకిలువాడిని దాటడానికే ఆయాసపడుతుంది. వెనక షాకులు ఒక అంగుళంన్నర పొడుగువి వేశాం, ఇంజను కింద నేలకి ఎత్తు పెరగాలి కదా, అందులో ఇంకో లాభం కూడా ఉంది, వెనక లేస్తే ముందు ఫోర్కు కొంచెం నిటారు అవుతుంది, నిటారుగా ఉన్న ఫోర్కు చిన్న చోట కూడా తిరుగుతుంది. అయితే మేమేమో ముందు 21 చక్రం వేసి ముందుని కూడా లేపేశాం, అంచేత వచ్చిన లాభం సగం పోయింది. ఫోర్కు గొట్టాల్ని క్లాంపుల్లోంచి కొద్దిగా పైకి జరుపుకుని సరిపెట్టుకున్నాం. వీల్‌బేస్, అంటే రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం, టేపు పెట్టి కొలిస్తే 51 అంగుళాలు, ట్రయల్స్ బండికి సరిగ్గా ఉండాల్సిన చోటే ఉంది, అది బాబాయ్ అదృష్టమో నాదో.

సైలెన్సరు కింద నుంచి వెళ్తుంటే మొదటి రాయికే చపాతీ అయిపోతుందని పైనుంచి తిప్పాం. ఎడమ తొడ దగ్గర ప్యాంటు కాలి చిల్లు పడింది, ఆ ప్యాంటు చాలా రోజులు దాచుకున్నా.

ఇంక ఇంజను. ఇక్కడే నా తెలివంతా బయటపడింది. ట్రయల్స్‌కి కంప్రెషన్, అంటే సిలిండర్లో గ్యాసుని పిస్టన్ ఎంత గట్టిగా నొక్కుతుందన్నది, తక్కువుంటే మంచిది, ఇంజను మెత్తగా లాగుతుంది అని చదివా. సరే కంప్రెషన్ తగ్గించాలంటే ఏం చెయ్యాలి, సిలిండర్ కొంచెం పైకి లేపితే సరి అని, బ్యారెల్ (ఆ సిలిండరే) కింద కాగితం గ్యాస్కెట్ తీసేసి రెండు మిల్లీమీటర్ల అల్యూమినియం పలక కోసి పెట్టా. లెక్క ప్రకారం కంప్రెషన్ తగ్గింది, కిక్కు తేలికైంది, నేను గర్వపడ్డా. బండి మాత్రం కింద అసలు లాగట్లేదు, సగం యాక్సిలరేటర్ దాటాక ఒక్కసారి పిచ్చెక్కినట్టు లేస్తోంది. ట్రయల్స్‌కి కావాల్సింది దానికి పూర్తి రివర్సు. కార్బురేటర్ అని అనుమానించా, సూది ఒక మెట్టు దించా, ఎక్కించా, జెట్లు మార్చా, పాయింట్లు మార్చా, ప్లగ్గు మార్చా. మూడు వారాలు.

బాబాయ్ ఒక ఆదివారం పక్కన కూర్చుని చూస్తూ, "ఒరేయ్, బ్యారెల్ కింద ఆ పలకేంట్రా, అక్కడ కాగితం అంత పల్చటిది కదా ఉండేది" అన్నాడు. ఆయనకి పోర్టుల టైమింగూ గీమింగూ తెలీదు, కానీ ఏడాదికి రెండుసార్లు హెడ్డూ బ్యారెలూ ఊడదీసి మసి గీకే మనిషి, ఎక్కడ ఎంత మందం ఉండాలో వేళ్ళకి తెలుసు. అప్పుడు వెలిగింది నాకు. టూ స్ట్రోకులో వాల్వులు ఉండవు, సిలిండర్ గోడకున్న కన్నాలే వాల్వులు, పిస్టన్ వాటిని తెరుస్తూ మూస్తూ ఉంటుంది. సిలిండర్ మొత్తం పైకి లేపితే కన్నాలూ పైకి పోతాయి, ఎగ్జాస్ట్ కన్నం ముందే తెరుచుకుని ఆలస్యంగా మూసుకుంటుంది, అది రేసు బండికి చేసే పని! నేను చేతులారా బాబాయ్ బండిని రేసు ఇంజను చేసి, ఎందుకు నిదానంగా నడవట్లేదని ఏడుస్తున్నా. పలక తీసేసి, హెడ్డు వైపు గ్యాస్కెట్ మందం పెంచితే కన్నాలు కదలకుండా కంప్రెషన్ ఒక్కటే తగ్గింది. ఆ రోజే బండి ఫస్టు గేరులో, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా, ఇంటి వెనక మట్టి దిబ్బ ఎక్కేసింది. నేను పక్కన నడుస్తూ హ్యాండిల్ పట్టుకున్నా అంతే.

ఆ ఐడ్లింగ్ సౌండు ఇప్పటికీ ఇష్టం నాకు. మంచిగా సెట్ చేసిన పాత టూ స్ట్రోకు నెమ్మదిలో ప్రతి తిప్పుకీ పేలదు, ఒకటి వదిలి ఒకటి, ఒక్కోసారి మూడు వదిలి ఒకటి. ఇదిగో ఆగిపోతోంది అనుకుంటాం, మళ్ళీ టక్ మంటుంది. మా పిన్ని అయితే ఆ బండి చావట్లేదు బతకట్లేదు, ఏదో ఒకటి చెయ్యండిరా దాన్ని అనేది.

మొదటి పోటీకి ఎలా వెళ్ళానో చెప్పను, సిగ్గు. పది సెక్షన్లు, మూడు రౌండ్లు, అంటే అన్నింట్లో ఫెయిలైతే 150. నాకు 117. పక్కనున్న పెద్దాయన ఒకాయన నా కార్డు చూసి, కార్డుకి ఇన్ని పంచ్ కన్నాలు పడితే జల్లెడ అవుతుంది జాగ్రత్త అన్నాడు. అందరూ సెక్షన్ ముందు నడిచి చూసుకుంటారు, ఏ రాయికి ఎటు ఒరగాలి, ముందు చక్రం ఎక్కడ పెట్టాలి, అది కూడా నాకు తెలీదు, బండెక్కి వెళ్ళిపోవడమే. అన్నిటికన్నా బాధేంటంటే మెట్టులాంటి రాయి వచ్చినప్పుడల్లా ఇంజను గుక్కపట్టి ఆగిపోయేది, మిగతావాళ్ళ బండ్లు అదే రాయి దగ్గర ఒక్క టక్కుతో ఎక్కేసేవి.

అది ఫ్లైవీల్ సంగతి, ఇంజనుతో పాటు తిరిగే ఇనప చక్రం. బరువైన ఫ్లైవీల్ అంటే తిరుగుతున్న ఇంజను తన లోపల కొంచెం బలం దాచుకోవడం, రాయి తగిలిన ఆ క్షణంలో ఇంజను దగ్గర బలం లేకపోయినా దాచుకున్నది ఖర్చుపెట్టి చక్రాన్ని ఇంకో పావు చుట్టు తిప్పుతుంది. రోడ్డు బండి తయారుచేసినవాళ్ళకి అంత అక్కర్లేదు. మా లేత్ వాడు ఇంజనుతో పాటే తిరిగే మాగ్నెటో రోటర్‌కి ఉక్కు రింగు ఒకటి తిప్పి ఎక్కించాడు, దాదాపు కిలో. మొదటిది సరిగ్గా సెంటర్ కాలేదు, స్టార్ట్ చేస్తే ఫుట్‌రెస్ట్ మీద కాళ్ళు జిల్లుమన్నాయి, పళ్ళు కూడా. అలాగే తిప్పుంటే క్రాంకు బేరింగులు నెల తిరక్కుండా పోయేవి. వాడు తిట్టుకుంటూ ఇంకోటి చేశాడు. రెండోది కుదిరింది. దాంతో వచ్చిన కష్టం ఒకటే, దిగువకి వెళ్ళేటప్పుడు యాక్సిలరేటర్ మూసినా ఇంజను వెంటనే తగ్గదు, అసలే టూ స్ట్రోకుకి ఇంజను బ్రేకింగ్ అంతంతమాత్రం, అందుకని వాలు మీద రెండు బ్రేకులూ వేళ్ళ చివర ఉండాల్సిందే.

అయినా ఏదో తేడా. రెండో పోటీకి బాబాయ్ వచ్చాడు, ఊరికే చూట్టానికి. ఒక రాయి మీద కూర్చుని నేను అదే సెక్షన్ మూడు రౌండ్లూ పడటం చూశాడు. మూడోసారి పడ్డాక దగ్గరికొచ్చి బండి లేపుతూ, "నువ్వు ముందుకి వంగట్లేదురా, బండే నిన్ను ముందుకి తోస్తోంది, నిలబడితే నీ కడుపు హ్యాండిల్‌కి ఆనుతోంది" అన్నాడు. నేను కొట్టిపారేశా, ఈయనకేం తెలుసు ట్రయల్స్ గురించి అని. ఇంటికొచ్చాక పత్రికలోని ఫోటోలు తీసి చూస్తే, ప్రతి ఒక్కడి పాదాలూ వెనక చక్రం ఇరుసుకి దగ్గరగా ఉన్నాయి, నావేమో ఇంజను కింద. రోడ్డు బండి ఫుట్‌రెస్టు కూర్చునేవాడి కోసం పెట్టింది. నేను చక్రాలు మార్చా, ఇంజను మార్చా, సీటు పీకేశా, నిలబడి నడిపే బండికి కూర్చునేవాడి ఫుట్‌రెస్టులే ఉంచేశా!

ఆ రాత్రే చెక్కముక్కలు కట్టి చూసుకున్నాం. బాబాయ్ బండిని వెనక నుంచి పట్టుకుంటే నేను ఎక్కి నిలబడటం, మోకాళ్ళు కొంచెం వంచి చేతులు చాపితే హ్యాండిల్ అందాలి, వెనక్కి వాలితే ముందు చక్రం దానంతటదే తేలికవ్వాలి. రెండంగుళాలు వెనక్కి, బాలేదు. నాలుగు, ముందు చక్రం మరీ తేలిపోతోంది, ఎక్కుడులో హ్యాండిల్ తిప్పినా బండి తిరగదు. మూడు దగ్గర బాబాయే, "ఇదిగో ఇక్కడ, ఇప్పుడు నా చేతిలో బరువు లేదు" అన్నాడు. అక్కడ సుద్దముక్కతో గీత గీశాడు. బ్రాకెట్లు వెల్డ్ చేసి, రాయి తగిలితే వెనక్కి మడిచి మళ్ళీ వచ్చేలా స్ప్రింగు పెట్టాం. దాంతో గేరు లివరూ బ్రేకు పెడలూ కాలికి అందకుండా పోయాయి, వాటిని కోసి పొడిగించాం. అవును, మళ్ళీ హ్యాక్సానే, కానీ ఈసారి పట్టుకుంది బాబాయ్. కోసే ముందు మూడుసార్లు కొలిచాడు. నేను చూస్తూ నిలబడ్డా.

తర్వాతి పోటీలో 52. గెలవలేదు, గెలవడానికి చాలా దూరం, కానీ ఏడు సెక్షన్లు క్లీను, అంటే కాలు పెట్టకుండా, సున్నా. అందులో ఒకటి బాబాయ్ కూర్చున్న రాయి పక్కనుంచే. చప్పట్లు గట్రా ఏం కొట్టలేదు, ఐడ్లింగ్ కొంచెం ఎక్కువుంది తగ్గించుకో అన్నాడు.

నాలుగేళ్ళు ఆ బండి మీదే ఆడా. తర్వాత ఉద్యోగం, పెళ్ళి, మామూలే. ఇప్పటి ట్రయల్స్ బండ్లు చూస్తే అసలు వేరే జాతి, సీటే ఉండదు, డెబ్భై కిలోల లోపే, ఎన్నోసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన టోనీ బౌ లాంటివాళ్ళు మనిషెత్తు రాతి మీదకి వెనక చక్రం మీద గెంతేస్తారు. చూట్టానికి బాగుంటుంది. నాకు మాత్రం వాగులో నీళ్ళు, కింద కనపడని రాళ్ళు, చేతికింద చచ్చిపోబోతూ బతికే ఇంజను, అదే ఆట.

మధ్యలో ఒకసారి, బాబాయ్ రిటైరయ్యాక, బండిని మళ్ళీ రోడ్డు బండిగా చేసి ఇద్దామనిపించింది. చేసేద్దాం అని అన్నీ లెక్క వేసుకుంటే ఫ్రేము వెనక కొస లేదు, స్టాండు లగ్గులు లేవు, మడ్‌గార్డులు ఎప్పుడో తుక్కులోకి పోయాయి. ఆ సంగతే ఆయనతో అంటే లోపలికెళ్ళి ఒక గుడ్డ మూట తెచ్చాడు. అందులో హెడ్‌లైటు రేకు తొడుగు, దానిలోనే బిగించి స్పీడోమీటరు. నేను పీకి కుప్పలో పడేసిన రోజే తీసి దాచాడట. ఇవి ఎందుకు దాచావు బాబాయ్ అంటే, "నువ్వు ఆ బండేసుకుని రాత్రిపూట వస్తావేమో, లైటు లేకుండా ఎలా అని" అన్నాడు. అది నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలీదు, ఆయన మొహం చూసి ఎప్పుడూ ఏమీ చెప్పలేం. ఆ రోజు బండిని బయటికి తీయమన్నాడు. అరవై దాటిన మనిషి, ఫుట్‌రెస్టుల మీద నిలబడి, మట్టి దిబ్బ చుట్టూ రెండు రౌండ్లు, కాలు పెట్టలేదు. దిగి, ఇది ఇలాగే ఉండనీ అన్నాడు.

ఫోన్ చేసిన కుర్రాడు నిన్న ఇంటికొచ్చాడు. బండి చుట్టూ తిరిగి ఫోటోలు తీసుకున్నాడు, అలమరలో ఉన్న ఆ తొడుగూ స్పీడోమీటరూ చూసి, ఇవి ఇస్తారా సార్, రిస్టోర్ చేసే స్నేహితుడొకడు వెతుకుతున్నాడు అన్నాడు. ఇవ్వనన్నా. ఫుట్‌రెస్టు బ్రాకెట్ కొలతలు మాత్రం కాగితం మీద గీసిచ్చా, మూడంగుళాల దగ్గర గీత కొంచెం ఒత్తి గీశా. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, సార్ వెనక ఫ్రేము లూప్ ఎంత కోశారు అని అడిగాడు. కోసిన చోటు చూపించా. వేలు పెట్టి చూసి, భలే నున్నగా ఉందే అన్నాడు.